చీరాల–పేరాల: మగ్గం, వీధి, పన్ను

చీరాల–పేరాల పోరాటాన్ని సాధారణంగా సహాయ నిరాకరణోద్యమ చరిత్రలో ఒక ఘట్టంగా, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య జీవితంలో ఒక అధ్యాయంగా చెప్పుకోవడం పరిపాటి. అది తప్పు కాదు. అయితే ఆ కథనంలో ఊరు వెనుకకు పోయి, నాయకుడే ముందుకు వస్తాడు. పన్ను కట్టబోమని ఊరే ఖాళీచేసి వెళ్ళిన ఆ జనం ఏ వృత్తిమీద బతికారు, ఆ వృత్తికీ పన్నుకూ ఉన్న సంబంధం ఏమిటి అన్నది పరిశీలిస్తే ఉద్యమ స్వరూపం కొంత భిన్నంగా కనిపిస్తుంది.

అప్పటి గుంటూరు జిల్లాలో భాగమైన ఈ జంట గ్రామాలకు చేనేతే ప్రధాన ఆధారం. ‘చీర’ నుంచే చీరాల వచ్చిందనీ, కాదు ‘క్షీరపురి’ నుంచి వచ్చిందనీ స్థానికులు రెండు వ్యుత్పత్తులు చెబుతారు. రెండూ ఊరు పేరు తెచ్చుకున్న తరువాత పుట్టినవిగానే తోస్తాయి. పక్కనే ఉన్న జాండ్రపేట పేరు మాత్రం నేత వృత్తివారైన జాండ్ర కులాన్ని నేరుగా సూచిస్తుంది. ఈ ప్రాంతానికి ఖ్యాతి తెచ్చిన వస్త్రం తేలియా రుమాలు. నూలును ఆముదపు కాయల బూడిద నీటిలోనూ నూనెలోనూ పలుమార్లు నానబెట్టి, పిసికి, ఎండబెట్టేవారు. ఈ పని రోజుల తరబడి సాగేది. ఆ తరువాత దారపు కట్లు కట్టి ఎరుపు, నలుపు రంగులు అద్దేవారు. నూనె వాసన వదలదు కనుకనే ఆ పేరు. అరబ్బు దేశాలవారు తలకు చుట్టుకోవడానికి దీనిని కొనేవారు. ఊరి మగ్గంమీద దిగిన బట్ట సముద్రం దాటి అమ్ముడుపోయేదన్నమాట.

నేతగాడి ఇల్లు నివాసం మాత్రమే కాదు. గుంట మగ్గం ఇంటి లోపలే ఉంటుంది. కండెలు చుట్టడం, ఆసు పోయడం ఆడవారి పని, పిల్లల పని. పడుగు చాచి గంజి పెట్టడానికి ఇల్లు చాలదు, వీధి కావాలి. తెల్లవారుజామున ఎండ ముదరకముందే నాలుగిళ్ళవారు చేరి ఒకరి పడుగుకు మరొకరు సాయం పడతారు. కాబట్టి ఇంటిమీద పన్ను పడితే అది పనిచోటుమీద పడిన పన్నే. షావుకారు ఇచ్చిన నూలుకు కూలి నేసేవాడికి ఆ భారం మోపడానికి మరొకరు లేరు.

చీరాల, పేరాలలను కలిపి మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీగా మార్చింది. జనాభా సుమారు 15 వేలు. యూనియన్‌గా ఉన్నప్పుడు ఏడాదికి 4 వేల రూపాయలుగా ఉన్న పన్నులు 40 వేలకు చేరతాయని చరిత్రకారులు చూపే లెక్క. పదిరెట్లు! ప్రజలు అర్జీలు పెట్టారు, ఫలితం లేకపోయింది. పన్ను నిరాకరించినవారిలో కొందరు జైలుకు వెళ్ళారు. 1921 ఏప్రిల్‌లో చీరాల వచ్చిన గాంధీ, ఊరు విడిచిపోతే మునిసిపాలిటీ దానంతటదే లేకుండా పోతుందన్న మార్గాన్ని కూడా సూచించాడు. ఆ నెలాఖరుకే జనంలో అత్యధికులు పొలిమేర దాటి పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామనగరమని పేరు.

ఈ వలసలోని కష్టం మగ్గం తెలిసినవారికే పూర్తిగా అర్థమవుతుంది. చట్రాన్ని విప్పి మోసుకుపోవచ్చు, గుంటను మోసుకుపోలేరు. కొత్త నేలలో మళ్ళీ తవ్వాలి. తాటాకు పాకలో వాన కురిస్తే పడుగు తడుస్తుంది. అయినా దాదాపు 11 నెలలు అక్కడే నిలిచారు. గోపాలకృష్ణయ్య రామదండు క్రమశిక్షణ దీనికి తోడ్పడిందనడంలో సందేహం లేదు. ఎడింబరోలో చదివి, ఆనంద కుమారస్వామితో కలిసి అభినయదర్పణాన్ని ఆంగ్లీకరించిన ఆ పండితుడు జానపద కళలను ఉద్యమంలోకి తేవడం కూడా గమనార్హమే. కానీ ఆయన బరంపురంలో అరెస్టై తిరుచిరాపల్లి జైలుకు వెళ్ళిన తరువాత కూడా జనం నెలల తరబడి అక్కడే ఉన్నారు. నాయకుడు లేని ఆ కాలాన్ని కేవలం నాయకత్వంతో వివరించలేం. పడుగు దగ్గర అలవాటైన పరస్పర సహాయమే పాకల్లోనూ పనిచేసిందని భావించడం సమంజసం.

చివరకు అణచివేతకూ ఇబ్బందులకూ తాళలేక జనం తిరిగి ఇళ్ళకు చేరారు. అందువల్ల కొందరు దీనిని విఫలోద్యమమన్నారు. 11 నెలలు పన్నుల లెక్కకు అందకుండా బతికిన ఊరికి ఆ మాట సరిపోదు.

తేలియా రుమాలు నేత కాలక్రమంలో నల్లగొండ ప్రాంతానికి పాకింది. 2020లో దానికి దక్కిన భౌగోళిక గుర్తింపు పుట్టపాక పేరనే ఉంది.