మింటినుండి వచ్చు ముప్పు

2020 వ సంవత్సరము ఆగస్టు 15 వ తేదీన దేశమంతటను స్వాతంత్ర్యదినోత్సవము జరిగినది. ఆ మరునాటి యుదయము సుమారు తొమ్మిదిన్నర గంటలకు, మోటారుకారంత పరిమాణము గల యొక శిల హిందూ మహాసముద్రముయొక్క దక్షిణభాగముమీదుగా, 2,950 కిలోమీటర్ల యెత్తున, భూమిని దాటిపోయినది. కాశ్మీరమునుండి కన్యాకుమారికి గల దూరముకంటె ఈ యెత్తు హెచ్చు కాదు. అది వచ్చుచున్నదని ముందుగా నెరిగినవారు లోకమున నొక్కరును లేరు. దాటిపోయిన ఆరు గంటలకు అమెరికాలోని పాలొమార్ కొండపై నున్న దూరదర్శిని తీసిన ఛాయాచిత్రములలో నొక సన్నని గీత కానవచ్చినది. ఆ చిత్రములను పరిశీలించి గీతను పసిగట్టినవారిలో బొంబాయి ఐ.ఐ.టి. విద్యార్థు లిరువు రుండిరి. యంత్రము పరులది, చూపు మనది.

ఆ శిలకు శాస్త్రజ్ఞులు 2020 క్యూ.జి. యని పేరిడిరి. దాని వ్యాసము మూడు మొదలు ఆరు మీటర్ల వరకు మాత్రమే. అది భూమివైపునకే వచ్చియుండినను వాయుమండలపు రాపిడికి బ్రద్దలై మండిపోయి యుండెడిది. కావున మనకు పెద్ద గండము తప్పినదని చెప్పుకొన నక్కరలేదు. కాని యది వచ్చి పోవుదాక నెవ్వరికిని దెలియకపోవుటయే విచారింపదగిన విషయము. అంతకు బదిరెట్లు పెద్దదియు నట్లే వచ్చినచో నేమగును? మన మేమి చేయగలము? ఈ ప్రశ్నలను పాఠకుల యెదుట నుంచుటయే మా యుద్దేశము.

కుజ, గురు గ్రహముల కక్ష్యల నడుమ లక్షలకొలది శిలాఖండములు సూర్యుని చుట్టును దిరుగుచున్నవి. వీనినే గ్రహశకలము లందురు. వీనిలో గొన్ని గ్రహముల యాకర్షణచే దారి తప్పి భూమార్గ సమీపమునకు వచ్చుచుండును. ఇట్టివానిని నేటికి నలుబది వేల వరకు గుర్తించిరి. కిలోమీటరును మించిన వ్యాసము గలవి భూలోకమున కంతటికిని చేటు తేజాలినవి. కాని వానిలో చాల భాగము లెక్కకు వచ్చియే యున్నవి. రానున్న నూరు సంవత్సరములలో వానివలన భయము లేదని శాస్త్రజ్ఞులు ధైర్యము చెప్పుచున్నారు. 140 మీటర్లకు మించినవి సుమారు 25,000 ఉండవచ్చునని యంచనా. వానిలో సగమైనను ఇంకను కనుగొనబడలేదు. ఇరువది, ముప్పది, ఏబది మీటర్లవి యెన్ని యున్నవో వానిలో మన యెరుకకు వచ్చినవి బహు స్వల్పము. పెద్ద శత్రువును గనిపెట్టితిమి. చిన్న శత్రువు చీకటిలో నున్నాడు.

చిన్నదే కదా యని యుపేక్షించుటకు వీలులేదని 2013 వ సంవత్సరము ఫిబ్రవరి 15 వ తేదీన రష్యాదేశములోని చెల్యాబిన్‌స్కు నగరమువారికి దెలిసివచ్చినది. ఆ దినమున మరియొక గ్రహశకలము భూమికి 27,700 కిలోమీటర్ల దూరమున దాటిపోవునని ముందే లెక్క కట్టి, లోకమందలి ఖగోళశాస్త్రజ్ఞు లందరును దానికొరకై యెదురుచూచుచుండిరి. ఇంతలో దానితో నేమియు సంబంధము లేని వేరొక శిల, సుమారు 20 మీటర్లది, సూర్యుడున్న దిక్కునుండి సెకండునకు 19 కిలోమీటర్ల వేగముతో వచ్చి, దాదాపు 30 కిలోమీటర్ల యెత్తున బ్రద్దలైనది. ఆ పేలుడు బలము హిరోషిమాపై బడిన బాంబునకు సుమారు ముప్పది రెట్లు. అది యంత యెత్తున జరుగుటచే నొక్క ప్రాణమును పోలేదు. ఐనను ఏడువేలకు పైగా భవనములు దెబ్బతినినవి. సుమారు 1,500 మంది గాయపడిరి.

ఈ గాయములు తగిలిన విధము మన మందరము తెలిసికొనదగినది. శిల వచ్చి యెవ్వరి నెత్తినను బడలేదు. ఆకాశమున సూర్యుని మించిన వెలుగు గనబడగనే జనులు వింత చూచుటకై కిటికీలయొద్దకు బోయి నిలిచిరి. వెలుగు ముందు వచ్చును. వాయుతరంగము వెనుక వచ్చును. సుమారు రెండు నిమిషముల తరువాత నా తరంగము తాకగా కిటికీల యద్దములు పగిలి వారి ముఖములపై బడినవి. ఆ నగరమున నొక పాఠశాలలో నుపాధ్యాయిని మాత్రము వెలుగు చూచినంతనే తన తరగతి పిల్లలను బల్లల క్రింద దూరుడని యాజ్ఞాపించినది. ఆమెకు గాజు పెంకులు తగిలి గాయములైనవి గాని, పిల్లలలో నొక్కరికిని దెబ్బ తగులలేదు. ఆ రెండు నిమిషముల జ్ఞానము విలువ యెంత!

ఇంకొంచెము పెద్దది వచ్చిన నేమగునో 1908 వ సంవత్సరము జూన్ 30 వ తేదీన సైబీరియాలోని తుంగుస్కా ప్రాంతమున గనబడినది. అచ్చటి పేలుడునకు 2,000 చదరపు కిలోమీటర్ల యడవి, అనగా సుమారు అయిదు లక్షల యెకరముల మేర, నేలమట్టమైనది. కూలిన వృక్షములు ఎనిమిది కోట్లని యంచనా. అది నిర్జనారణ్య మగుట మానవజాతి యదృష్టము. మన దేశమునకును ఇట్టి దెబ్బ కొత్త కాదు. బుల్దానా జిల్లాలోని లోనారు సరస్సు ఆకాశమునుండి పడిన శిల త్రవ్విన గొయ్యియే. దాని వ్యాసము సుమారు 1.8 కిలోమీటర్లు. మన తెలంగాణపు పడమటి సీమల వరకు వ్యాపించియున్న దక్కను నల్లరాతి పీఠభూమిలోనిదే యా ప్రదేశము. చరిత్రకు బూర్వము జరిగిన దానిని మనము మరచితిమి, రాయి మరువలేదు.

ఇట్టివి ముందుగా నేల కనబడవని పాఠకు లడుగవచ్చును. వీనికి స్వయంప్రకాశము లేదు. ఇవి సూర్యుని వెలుగును గొంచెముగా ప్రతిఫలింపజేయును. కొన్ని బొగ్గువలె నల్లనివి. బాగుగా దగ్గరకు వచ్చినగాని మసకగానైనను కానరావు. సూర్యుని దిక్కునుండి వచ్చునవి పగటి వెలుగున మరుగుపడును. నేలపై నున్న దూరదర్శినులు రాత్రియందు గాని పనిచేయజాలవు. ఐనను శాస్త్రము చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 2008 వ సంవత్సరము అక్టోబరులో నాలుగు మీటర్ల శిల నొకదానిని, అది భూమిని జేరుటకు ఇరువది గంటలకు లోపుగా, అమెరికావారు కనుగొని, సూడాను దేశపు టెడారిపై బడునని ముందే చెప్పిరి. చెప్పినట్లే పడినది. ఖార్టూము విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇసుకలో వెదకి దాని తునకలను దెచ్చిరి.

ఇటీవలి యుదాహరణము మన దేశమునకే తగిలినది. 2024 వ సంవత్సరము డిసెంబరు 27 వ తేదీన చిలీదేశములోని దూరదర్శినికి 2024 వై.ఆర్.4 అను శకలము కానవచ్చినది. దాని వ్యాసము సుమారు 60 మీటర్లు. 2032 వ సంవత్సరము డిసెంబరు 22 వ తేదీన నది భూమిని తాకవచ్చునని లెక్కలు చెప్పినవి. తాకినచో బడదగిన మార్గము పసిఫిక్ సముద్రపు తూర్పుభాగమునుండి దక్షిణ అమెరికా, ఆఫ్రికా, అరేబియా సముద్రములమీదుగా మన దేశము వరకు సాగినది. 2025 ఫిబ్రవరి 18 వ తేదీన నా ప్రమాదావకాశము నూటికి 3.1 వంతులకు పెరిగినది. ఆ నెల ముగియకమునుపే యది యించుమించు సున్నకు దిగినది. ఇది చూచి, శాస్త్రజ్ఞులు ముందు బెదరించి పిదప మాట మార్చిరని కొందరు పరిహసించిరి. ఈ పరిహాసము తగదు.

కోస్తా జిల్లాలవారికి దీని మర్మము సులభముగా బోధపడును. బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినప్పుడు, అది కళింగపట్నము మొదలు నెల్లూరు వరకు నెచ్చటనైనను తీరము దాటవచ్చునని తొలుత చెప్పుదురు. దినదినమునకు హద్దులు దగ్గరగును. బందరు ఆ హద్దుల నడుమ నిలిచియున్నంతకాలము బందరునకు భయము హెచ్చుచునే యుండును. చివరకు హద్దు బందరును దాటి యవతలకు జరుగగనే భయ మొక్కసారిగా దీరిపోవును. వై.ఆర్.4 విషయమును ఇట్టిదే. లెక్క తప్పలేదు, పరిశీలన పెరిగినకొలది లెక్క తేటపడినది.

హెచ్చరిక విలువ మన తీరమున కెరుకే. 1977 వ సంవత్సరము నవంబరు 19 వ తేదీన దివిసీమను ముంచిన యుప్పెనలో పదివేలకు పైగా జనులు మృతిచెందిరి. 2013 వ సంవత్సరము అక్టోబరులో ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు ఒరిస్సా, ఆంధ్ర తీరములనుండి దాదాపు పది లక్షల మందిని ముందే తరలించుటచే మృతులు పదుల సంఖ్యలోనే నిలిచిరి. గాలి బలము తగ్గలేదు. మన యెరుక పెరిగినది. తుపానును మరలించు శక్తి నేటికిని మనుష్యునకు లేదు. గ్రహశకలమును మరలించు శక్తి కొంత చేతికి వచ్చినది. 2022 వ సంవత్సరము సెప్టెంబరు 26 వ తేదీన అమెరికావారి డార్ట్ నౌక డైమార్ఫస్ అను 160 మీటర్ల శకలమును ఢీకొని, దాని పరిభ్రమణకాలమును ముప్పది నిమిషములకు పైగా తగ్గించినది. ఐతే ఇట్టి ప్రయత్నమునకు సంవత్సరముల ముందు తెలియవలయును. ఎవడు ముందు చూచునో వాడే కాచుకొనును.

ఈ చూచు పనిలో మన పాలెంత? పూర్వచరిత్ర సిగ్గుపడదగినది కాదు. 1861 వ సంవత్సరమున చెన్నపట్టణపు వేధశాలనుండి పోగ్సన్ దొర కనుగొనిన శకలమునకు ఆసియా యని పేరు పెట్టబడినది. 1901 లో స్థాపితమైన హైదరాబాదు నిజామియా వేధశాల అంతర్జాతీయ నక్షత్రపట్టిక కొరకు లక్షలకొలది నక్షత్రముల స్థానములను నిర్ణయించినది. 1988 వ సంవత్సరము ఫిబ్రవరిలో కావలూరునుండి రాజమోహన్ గారు కనుగొనిన శకలము రామానుజన్ పేర వెలయుచున్నది. నేడు లడాకులోని హాన్లేయందు దూరదర్శినులు పనిచేయుచున్నవి. కాని యింత విశాలమైన దేశమునకు, ఇంత జనసంఖ్యకు, రాత్రి రాత్రియు నాకాశమంతయు గాలించు కన్ను స్వంతముగా నుండవలదా? మన బిడ్డల చూపు పరుల యంత్రముల వాకిట నిలువవలసినదేనా? కృత్రిమోపగ్రహములను, చంద్రునివరకు నౌకను బంపిన దేశమున కీ కార్యము దుర్భరము కాదు. ప్రభుత్వము వారు దీనిని వినోదముగా గాక రక్షణకార్యముగా నెంచవలయును. తుపానులకు, భూకంపములకు వలెనే దీనికిని జిల్లాల విపత్తు నివారణోద్యోగుల కొక పద్ధతి నేర్పవలయును.

ప్రజల కర్తవ్యమును గలదు. ఉల్కాపాతమును గూర్చి వరాహమిహిరు డొక యధ్యాయమే వ్రాసెను. మన పెద్దలు దాని నరిష్టసూచకముగా భావించిరి. నేడు దానిని శకునముగా నెంచి వణకుటయు తగదు. కట్టుకథగా నెంచి నవ్వుటయు తగదు. గ్రహణమును ఘడియలతో గుణించి చెప్పు పంచాంగమును నమ్ము మనము ఈ గణితమును నమ్ముటకు సందేహ మేల? 2029 వ సంవత్సరము ఏప్రిల్ 14 వ తేదీ తెల్లవారుజామున అపోఫిస్ అను పెద్ద శకలము మన సమాచార ఉపగ్రహములకంటె దగ్గరగా, భూమికి సుమారు 32,000 కిలోమీటర్ల దూరమున దాటిపోవును. దానివలన నూరేండ్ల వరకు భయము లేదని తేలినది. ఆనాడు వదంతులు పుట్టకమానవు. చదువరులు వానిని మాన్పవలయును.

చెరువుగట్టు నిండు వేసవిలో జూచుకొనువాడు గృహస్థు; గండి పడినపిదప బుట్టలతో మన్ను మోయువాడు దౌర్భాగ్యుడు. మిన్ను చెరువువంటిదే. గట్టు చూచుట ప్రభుత్వము పని; ఆకాశమున వింతవెలుగు గనబడినప్పుడు కిటికీకి దూరముగా జరుగవలెనని పిల్లలకు నేర్పుట మన పని. రెండును నేడే యారంభింపదగినవి.