నామినీ అంటే వారసుడు కాదు.. మరి ఎవరు?

బ్యాంకు ఖాతా తెరిచినా, బీమా పాలసీ తీసుకున్నా, ఉద్యోగంలో చేరినా ఫారంలో ఒక గడి తప్పకుండా ఉంటుంది. అదే 'నామినీ'. అప్పటికి తోచిన పేరు రాసేసి మర్చిపోతాం. మన తర్వాత ఆ డబ్బంతా వారిదే అనుకుంటాం. చాలా సందర్భాల్లో చట్టం అలా చెప్పడం లేదు.

మాట ఎక్కడిది?

లాటిన్‌లో 'నోమెన్' అంటే పేరు. మన 'నామం' కూడా దానికి చుట్టమే. రెండింటి మూలం ఒక్కటే. నామినీ అంటే 'ఫలానా పనికి పేరు ఇచ్చిన వ్యక్తి'. ఎన్నికల నామినేషన్, నామినేటెడ్ పోస్టు, ఆస్కార్ నామినీ.. అన్నింటిలోనూ ఇదే అర్థం. 'యజమాని' అన్న అర్థం ఈ మాటలో లేదు.

డబ్బు ఎవరిది?

పెళ్లికి ముందు ఒకరు తన ఖాతాకు అన్నయ్యను నామినీగా పెట్టారనుకుందాం. తర్వాత మార్చలేదు. ఆయన చనిపోతే బ్యాంకు డబ్బును అన్నయ్యకే ఇస్తుంది. అంతటితో బ్యాంకు బాధ్యత తీరుతుంది. కానీ వీలునామా లేకపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ డబ్బు ఆయన భార్య, పిల్లలు, తల్లికి చెందుతుంది. అన్నయ్య దాన్ని వారికి అప్పగించాల్సిందే.

బీమా విషయంలో సుప్రీంకోర్టు 1983లోనే ఈ మాట చెప్పింది. షేర్ల నామినీకీ ఇదే వర్తిస్తుందని 2023లో స్పష్టం చేసింది.

మినహాయింపు ఉందా?

ఉంది. 2015 సవరణ తర్వాత, జీవిత బీమాలో తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలను నామినీగా పెడితే ఆ సొమ్ము వారికే దక్కుతుంది.

మీరేం చేయాలి?

* ప్రతి ఖాతాలో నామినీ పేరు ఒకసారి చూసుకోండి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురి వరకు పెట్టుకోవచ్చు. ఎవరికెంత శాతమో కూడా రాయొచ్చు.
* కుటుంబం లేనప్పుడు చేసిన పీఎఫ్ నామినేషన్, కుటుంబం ఏర్పడ్డాక చెల్లదు. పెళ్లయితే కొత్తగా ఈ-నామినేషన్ చేయండి.
* ఎవరికేం చెందాలో మీకు స్పష్టత ఉంటే వీలునామా రాయండి.

నామినీ లేకపోతే ఇంట్లోవాళ్లు డబ్బు కోసం కాగితాలు పట్టుకుని తిరగాలి. నామినీ మాత్రమే ఉండి వీలునామా లేకపోతే, చేతికొచ్చిన డబ్బు కోసం తగువు పడాల్సి రావచ్చు.