వేసెక్టమీ నొప్పి: చెప్పాల్సిన లెక్క

మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్ గురించి ప్రచారంలో చెప్పే మాటల్లో కోత ఉండదు, కుట్లు ఉండవు అన్నవి నిజాలే. 1974లో చైనా సర్జన్ లీ షున్‌చియాంగ్ రూపొందించిన పద్ధతిలో కత్తి వాడరు. ఆ చోటు మాత్రమే మొద్దుబారేలా మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, వృషణాల సంచి చర్మానికి మొనదేలిన పరికరంతో చిన్న రంధ్రం చేసి, శుక్రకణాలను మోసుకెళ్లే నాళాన్ని బయటికి తీసి తెంపి మూసేస్తారు. పావుగంట, ఇరవై నిమిషాల పని. పేచీ అంతా వాటి వెంటే వచ్చే ‘నొప్పి ఉండదు’ అన్న మూడో మాటతోనే. నొప్పి ఉంటుంది. అది ఎంత, ఎన్నాళ్లు, ఎంతమందికి అన్నది దాచిపెట్టడం ఈ ఆపరేషన్‌కు మేలు కంటే కీడే ఎక్కువ చేసిందని నా అభిప్రాయం.

మత్తు దిగాక గజ్జల్లో లాగుతున్నట్టు, బరువుగా ఉంటుంది. చర్మం కమిలి నల్లబడవచ్చు. చాలామందిలో కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. ఐస్ కాపడం, బిగుతైన లోదుస్తు, రెండు రోజుల విశ్రాంతి, వారం పాటు బరువులెత్తకపోవడం చికిత్సలో భాగాలే, మర్యాదకు చెప్పే సలహాలు కావు. ఆ సంచిలోని కణజాలం వదులుగా ఉంటుంది. చిన్న రక్తనాళం చిట్లినా దాన్ని అదిమిపట్టేదేదీ అక్కడ లేదు కాబట్టి రక్తం చేరి గడ్డకడుతుంది. ఇప్పుడు మూడో రోజే బస్తాలెత్తక తప్పని హమాలీని ఊహించండి. వాపు వస్తుంది, మంచం పడతాడు, ‘ఆపరేషనయితే బరువు పనికి పనికిరాడు’ అని ఊరు తేల్చేస్తుంది. ఒంటి బలానికి సాయపడే టెస్టోస్టిరాన్ ఈ నాళం గుండా పోదు, నేరుగా రక్తంలో కలుస్తుంది. కాబట్టి ఊరు చెప్పిన కారణం తప్పు. కానీ ఊరు చూసిన వాపు నిజం. దాన్ని కాదంటే మన మాట ఎవరు నమ్ముతారు?

అసలు చిక్కు మూడు నెలలు దాటినా పోని నొప్పితో. వందలో ఒకరిద్దరికి ఇది చికిత్స కావాల్సినంతగా ఉంటుందని అమెరికా యూరాలజిస్టుల సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2007లో వెలువడిన బ్రిటన్ అధ్యయనంలో ఏడు నెలల తర్వాత సుమారు 15 శాతం మంది ఏదో ఒక అసౌకర్యం ఉందన్నారు, బతుకును ఇబ్బంది పెట్టేంత నొప్పి మాత్రం ఒక శాతం లోపే. ఈ అంకెలు ఒకదాన్నొకటి కొట్టేయవు. ‘ఏమైనా ఉందా’ అని అడిగితే ఒక జవాబు, ‘పనికి అడ్డొస్తోందా’ అంటే ఇంకో జవాబు. కారణాలూ పలురకాలు. వృషణాలు శుక్రకణాలను తయారు చేయడం ఆపవు. చాలావరకు శరీరమే వాటిని పీల్చుకుంటుంది గానీ, కొందరిలో మూసిన చోటికి వెనక ఒత్తిడి పెరుగుతుంది, లేదా కారిన కణాల చుట్టూ చిన్న గడ్డ ఏర్పడుతుంది, లేదా మానే కణజాలంలో నరం చిక్కుకుంటుంది. వాపు తగ్గించే మాత్రలు, నరాల నొప్పి మందులు మొదటి మెట్టు. అవి పనిచేయకపోతే నరానికి ఇంజెక్షన్, ఆపై నాళాన్ని తిరిగి కలపడం వరకూ దారులున్నాయి.

ఇదంతా చెబితే వచ్చేవాళ్లు కూడా రారన్నది సహజమైన అభ్యంతరం. చెప్పకపోతే మాత్రం ఎవరొస్తున్నారు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని వివాహిత జంటల్లో స్త్రీల ఆపరేషన్లు దాదాపు 38 శాతమైతే పురుషులవి 0.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల వాటా 70 శాతం దగ్గర ఉంది. ఎమర్జెన్సీలో, 1976–77లో, సుమారు 62 లక్షల మంది మగవాళ్లకు, ఎందరికో బలవంతంగా, చేసిన ఆపరేషన్లు మిగిల్చిన భయం దాపరికంతో పోలేదు. పొట్ట తెరిచే ట్యూబెక్టమీతో పోలిస్తే ఇది చిన్నదే కదా అంటారు ఇంకొందరు. నిజమే, ముప్పు తక్కువ. అయితే నాలుగో నెలలో నొప్పితో వచ్చిన మనిషికి ఆ పోలిక మందు కాదు. అలాంటిది ఉంటుందని ముందే తెలిసినవాడు సిగ్గుపడి ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వస్తాడు. వీర్యంలో శుక్రకణాలు లేవని తేల్చుకోవడానికి ఎలాగూ మూడు నెలలకు పరీక్ష చేయించుకోవాలి, అప్పటిదాకా వేరే గర్భనిరోధక సాధనం వాడాలి. దీర్ఘకాలిక నొప్పికి పెట్టుకున్న గడువూ ఆ మూడు నెలలే. ఆ రోజు శాంపిల్ సీసా అందుకునేటప్పుడు ‘ఇంకా నొప్పుందా’ అని అడగడానికి కొత్త పథకమేమీ అక్కర్లేదు.