మూసీ చెప్పే లెక్క

హైదరాబాదులో ఉస్మాన్‌గంజ్ పేరుపడ్డ టోకు బజారు. పగలంతా బస్తాలు దించేవాళ్లు, బండ్లు, బేరాలు! ఆ సందడి దాటి కాస్త దూరం నడిస్తే మూసీ నది వస్తుంది. వంతెన మీద వెళ్లేవాళ్లు ముక్కు మూసుకోవడం మీలో కొందరు చూసే ఉంటారు. నగరం ప్రాణం నిలిపిన నది ఇలా ఎందుకయింది? ఈ ప్రశ్న ఒక్క హైదరాబాదుది కాదు, దేశం మొత్తానిది.

రెండు పనులు చేసిన కట్ట

1908 సెప్టెంబరు 28న మూసీకి మహా వరద వచ్చింది. వేలాది మంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది.

మరుసటి ఏడు ప్రసిద్ధ ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. నగరంలో గోడలు కడితే చాలదు, వరదను ఎగువనే ఆపాలి అన్నారాయన. ఆ సలహా ప్రకారమే మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. ఉస్మాన్‌సాగర్‌నే మనం గండిపేట అంటాం. వాటివల్ల వరద తగ్గింది, తాగునీరూ దొరికింది. పైగా గండిపేట నగరం కంటే ఎత్తున ఉంది కనుక నీరు వాలున తానే దిగివస్తుంది. తోడే ఖర్చు లేదు!

సుస్థిరాభివృద్ధి అంటే?

విత్తనపు గింజలు వండుకు తిన్న రైతుకు ఆ పూట కడుపు నిండుతుంది. మరి తొలకరికి ఏం చల్లుతాడు? రేపటివాళ్ల అవసరాలకు లోటు రాకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి. 1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ నివేదిక ఈ భావాన్ని ప్రపంచమంతటా ప్రచారం చేసింది. 2015లో ఐక్యరాజ్యసమితి దేశాలు 2030 నాటికి సాధించవలసిన 17 లక్ష్యాలను ఒప్పుకున్నాయి. శుభ్రమైన నీరు వాటిలో ఆరవది.

దూరపు నీరు, బరువైన నీరు

1911లో హైదరాబాదు జనాభా సుమారు 5 లక్షలు. ఇప్పుడు కోటికి అటూ ఇటూ. అందుకే మంజీర, కృష్ణ, గోదావరి జలాలు తెచ్చుకోవలసి వచ్చింది. కృష్ణ నీరు నాగార్జునసాగర్ జలాశయం నుంచి వస్తుంది. దాని పూర్తి మట్టం 590 అడుగులు, అంటే సుమారు 180 మీటర్లు. నగరం 500 మీటర్ల ఎత్తున ఉంది. అంటే నీటిని 320 మీటర్లు పైకెత్తాలి.

ఇప్పుడు లెక్క చేద్దాం. వెయ్యి లీటర్ల నీటి ద్రవ్యరాశి 1,000 కిలోలు. దాన్ని 9.8తోనూ, 320తోనూ హెచ్చిస్తే సుమారు 31 లక్షల జౌళ్లు. ఒక యూనిట్ విద్యుత్తు 36 లక్షల జౌళ్లు. పంపులో, గొట్టంలో నష్టమేమీ లేదనుకున్నా 0.87 యూనిట్ కావాలి. నిజానికి అంతకంటే ఎక్కువే. కుళాయి కట్టకుండా వదిలితే కారిపోయేది నీరు ఒక్కటే కాదన్నమాట!

నదికి ఊపిరాడదు

వాడిన నీరు ఎక్కడికి పోతుంది? మూసీలోకి. మురుగును సూక్ష్మజీవులు కుళ్లబెడతాయి. అందుకు వాటికి నీటిలో కరిగిన ఆక్సిజన్ కావాలి. లీటరు నది నీటిలో అది 8 మిల్లీగ్రాముల లోపే ఉంటుంది. నగరపు మురుగు లీటరుకు 200 మిల్లీగ్రాములకు పైగా అడుగుతుంది! ఉన్న ఆక్సిజన్ అయిపోగానే చేపలు చస్తాయి, దుర్వాసన పుడుతుంది. దిగువన ఆ నీటితోనే గడ్డి, కూరగాయలు పండించే రైతులున్నారు.

దీనికి మందు శుద్ధి కేంద్రాలు. అంబర్‌పేట కేంద్రం రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చేయగలదు. ఇటీవల కొత్తవీ కట్టారు. ఇక దేశం సంగతి? 2021లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించిన లెక్క ప్రకారం పట్టణాల మురుగు రోజుకు 7,236 కోట్ల లీటర్లు. కట్టిన కేంద్రాల సామర్థ్యం 3,184 కోట్ల లీటర్లు. నిజంగా శుద్ధి అయినది 2,023 కోట్ల లీటర్లే. అంటే పది బిందెల్లో మూడు కూడా కాదు! కేంద్రం కట్టగానే సరిపోదు. ఇంటింటి మురుగు అక్కడికి చేరే గొట్టాలుండాలి, కరెంటుండాలి, నడిపే మనుషులుండాలి.

ప్రగతి లేదా? ఉంది. 2019 ఆగస్టులో పల్లెల్లో 17 శాతం ఇళ్లకే కుళాయిలుండేవి. 2024 చివరికి నాలుగింట మూడు వంతులకు పైగా ఇళ్లకు అమర్చారు. కాని కుళాయిలు పెరిగితే మురుగూ పెరుగుతుంది కదా!

చిక్కు ముడి

జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర పెద్ద కట్టడాలు, పరిశ్రమలు రాకుండా 1996లో 111వ నంబరు ఉత్తర్వు వెలువడింది. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. నగరం నీళ్ల కోసం తమ భూములకు విలువ లేకుండా పోవాలా అన్నది అక్కడివారి బాధ. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలు ఎత్తివేస్తూ మరో ఉత్తర్వు ఇచ్చింది. జలాశయాలు పాడవుతాయని పర్యావరణవేత్తలు ఆందోళన చెందారు. ఎవరి మాటలోనూ న్యాయం లేదనలేం. నీటిని కాపాడినందుకు ఆ పల్లెలకు ఏమివ్వాలో తేల్చకపోతే ముడి విడదు.

2025 సెప్టెంబరు ఆఖరులో మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్లు వచ్చాయి. అది ఉస్మాన్‌గంజ్‌కు దగ్గరే. నది తన దారి మరచిపోలేదు. మరచింది మనమే.

ఒక పని చేయండి. మీ ఇంట్లో ఒక రోజు వాడిన బిందెలు, బకెట్లు లెక్కపెట్టి లీటర్లలోకి మార్చండి. ఆ నీరు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎక్కడికి పోయిందో పెద్దలను అడిగి రాసుకోండి. మొదటి ప్రశ్నకు జవాబు త్వరగానే దొరుకుతుంది. రెండోదానికి దొరకలేదా? అయితే మన పని అక్కడే మొదలవుతుంది.