ఫెరెట్‌ గంతులు ఆపిందా..?

వీపు విల్లులా వంచి, తోక బ్రష్‌లా పొంగించి, పక్కపక్కకి గెంతుతుంది. సోఫాకి ఢీకొట్టుకున్నా ఆగదు. పైగా కొక్కొక్‌మని ఒకటే కూత! కొత్తవాళ్లు పిచ్చెక్కిందేమో అనుకుంటారు. ఫెరెట్‌కి అది పట్టలేని సంతోషం మరి. చూడ్డానికి ముంగిసలా ఉండే ఈ బుల్లి జీవం అమెరికా, బ్రిటన్‌లలో ఎన్నో ఇళ్లలో ముద్దుల నేస్తం. కాలిఫోర్నియా, హవాయిల్లో మాత్రం పెంచడం నిషేధం.

ఆట లేకపోతే నిద్రే. రోజుకి 14 నుంచి 18 గంటలు! ఒక్కోసారి ఎత్తి ఊపినా కళ్లు తెరవదు. శ్వాస మామూలుగా ఉండి, కాసేపటికి లేచి తిరిగితే కంగారక్కర్లేదు.

చిక్కల్లా మూడునాలుగేళ్లు దాటాకే. దాని ఆయుష్షు 6 నుంచి 8 ఏళ్లు కాబట్టి 'వయసైపోతోంది, అందుకే ఆడట్లేదు' అని సరిపెట్టుకుంటారు. లోపల క్లోమంలో కణితి పెరుగుతూ ఉండొచ్చు. పేరు ఇన్సులినోమా. ఇన్సులిన్‌ ఎక్కువగా ఊరి, రక్తంలో చక్కెర పడిపోతుంది. మధుమేహానికి సరిగ్గా తిరగేసి అన్నమాట! ఎటో చూస్తూ ఉండిపోవడం, వెనక కాళ్లు తేలిపోవడం, చొంగ కార్చడం, నోటిని గీరుకోవడం... ఏది కనిపించినా డాక్టరుకి చూపించాల్సిందే. నీరసంగా ఉందికదాని రోజూ తీపి పెడితే ఇన్సులిన్‌ మరింత ఊరుతుంది. మాంసాహారమే కొద్దికొద్దిగా, తరచూ పెట్టాలి. సొమ్మసిల్లితే మాత్రం చిగుళ్లకి కాస్త తేనె రాసి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

కుర్రది డీలాపడితే వేరే అనుమానం. లాటిన్‌లో దీని పేరుకి 'చిట్టి దొంగ' అని అర్థం. దొరికినవన్నీ ఎత్తుకెళ్లి దాస్తుంది, రబ్బరైతే కొరికి మింగేస్తుంది. అది పేగుకి అడ్డంపడితే ఆపరేషనే!