ఆర్డర్ పుస్తకం మూతపడింది

బాన్సువాడలో ఓ కిరాణా ఏజెన్సీలో పదకొండేళ్లు ఆర్డర్లు రాశాను. పొద్దున తొమ్మిది కాకముందే ఫోన్ మోగేది. "అన్నా, సబ్బులు రెండు పెట్టెలు, టీపొడి ఒకటి పంపు" అని బీర్కూర్ నుంచో, వర్ని నుంచో దుకాణదారు చెప్పేవాడు. పుస్తకంలో ఎక్కించి, గోదాములో సరుకు చూసి, పాత బాకీ చూసి బిల్లు రాసేవాణ్ని.

2017 జులైలో జీఎస్టీ వచ్చాక బిల్లు కంప్యూటర్‌లోకి మారింది. తర్వాత దుకాణదారు ఫోన్‌లోకే కంపెనీల యాప్‌లు వచ్చాయి. హిందుస్థాన్ యూనిలీవర్ వారి 'శిఖర్' అలాంటిదే. అర్ధరాత్రైనా ఆర్డర్ పెట్టుకోవచ్చు. మధ్యలో రాసే మనిషి అక్కర్లేదు. ప్రపంచ ఆర్థిక వేదిక 2025 నివేదికలో వేగంగా తగ్గిపోయే కొలువుల్లో డేటా ఎంట్రీ గుమాస్తాలదీ ఒకటి.

కానీ మాది నిజాంసాగర్ నీళ్ల మీద బతికే వరి ప్రాంతం. ధాన్యం డబ్బులు పడేదాకా ఏ ఊరి దుకాణానికి అరువు ఆపకూడదో నాకు తెలుసు. పాడైన సరుకు వాపసు, తేడా వచ్చిన లెక్క, వసూళ్లు: ఇప్పుడు నా పని ఇదే. మునుపు ముగ్గురం చేసిన చోట ఒక్కణ్నే మిగిలాను.

డిగ్రీ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, టైపింగ్ ఒక్కటే నమ్ముకుని ఈ పనికి రాకండి. టాలీ, జీఎస్టీ రిటర్నులు, స్టాకు లెక్కలు నేర్చుకుని రండి.