దంతేశ్వరీ క్షేత్రకథ : పాఠభేదములు, లోకచిత్రము

బస్తరు ప్రాంతమున దంతెవాడయందు, డంకినీ శంఖినీ నదుల సంగమమున నున్న దంతేశ్వరీ ఆలయమును గూర్చి తెలుగువారిలో ప్రచారము నందిన కథ యొక్కటే. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఉత్తరదిశకు మరలగా, కులదేవత యాతని వెంట నడచినది. వెనుదిరిగి చూడరాదని యామె నియమము. సంగమపు టిసుకలో అందెల చప్పుడు అణగిపోగా అతడు శంకించి వెనుకకు చూచెను. ఆమె అచ్చటనే నిలిచిపోయెను. కథ మనోహరమైనదే. కాని ఆ గుడిని గూర్చిన కథలలో ఇది యొకటి మాత్రమే. ప్రతి కథయు భూమిని తనదైన తీరున అమర్చి, ఆ యమరికలో ఈ గుడికి వేఱొక చోటు చూపుచున్నది. వీనిలో ముందుదేదియో వెనుకదేదియో విడదీయనిచో, ఓరుగంటి దేవతయే దంతెవాడకు వచ్చెనను మాటకు చరిత్రలో నెంత విలువ యీయవలెనో తేలదు.

అన్నమదేవునికి రెండువందల యేండ్లకు మునుపే ఈ సీమలో తెలుగు శాసనములు కలవు. చక్రకోట మండలము నేలిన ఛిందక నాగవంశీయుల కాలమున, దంతెవాడకు సమీపమునందలి బారసూరులో శక 983 (క్రీ.శ. 1060-61) నాటి తెలుగు శాసనము వెలసినది. కరికాలచోళుని వంశమువాడనని చెప్పుకొనిన చంద్రాదిత్యుడను సామంతుడు శివాలయము కట్టించి చెఱువు త్రవ్వించిన సంగతి దానివలన తెలియుచున్నది. ఈ నాగరాజులు తాము భోగవతీ పురమునకు ప్రభువులమని బిరుదు వహించిరి. భోగవతి యనగా పాతాళమునందలి నాగుల నగరము. కావున వారి లోకమునకు మూలస్థానము ఓరుగల్లు కాదు, హస్తినాపురమును కాదు. అది నేల క్రింద నున్నది. వారు కొలిచిన దేవి మాణిక్యదేవి. ఆమెయే నేటి దంతేశ్వరి యని రాయబహద్దూరు హీరాలాల్ తలచెను. ఊహ సమంజసమే, అయినను ఊహయే. ద్రాక్షారామమున మాణిక్యాంబ యున్నది గదాయని, పేరులోని పోలికను బట్టి ఈ యిద్దఱిని ముడివేయుటకు మాత్రము ఆధారము చాలదు.

రెండవ పాఠము శిలపైననే యున్నది. 1703లో బస్తరు రాజు దిక్పాలదేవుడు సకుటుంబముగా దేవిని దర్శించి రెండు శిలాశాసనములు వేయించెను. ఒకటి సంస్కృతము, మఱియొకటి దేశభాష. కలియుగమున సంస్కృతము చదువగలవారు కొలదిమందియే యుందురు గనుక రెండవ దానిని భాషలో వ్రాయవలసివచ్చినదని రచయితయగు మైథిల పండితుడు భగవాన్ మిశ్రుడు దాపఱికము లేకుండ చెప్పినాడు. భాషాశాసనము ప్రకారము, సోమవంశపు పాండవుడైన అర్జునుని సంతతివారు హస్తినాపురము విడిచి ఓరుగంటికి రాజులైరి. ఆ వంశమున శివాంశజుడును, తొమ్మిదిలక్షల విలుకాండ్రకు నాయకుడునగు ప్రతాపరుద్రుడు పుట్టెను. అతని రాజ్యమున బంగారు వాన కురిసెను. అతని తమ్ముడు అన్నమరాజు ఓరుగల్లు విడిచి బస్తరున రాజయ్యెను. యాత్రాసమయమున బలియైన పశువుల నెత్తుటితో శంఖినీ నది యైదుదినములు ఎఱ్ఱవాఱెనని కూడ ఇందు కలదు.

ఈ వంశకథ కాకతీయుల సొంత శాసనములతో పొసగదు. వారు దుర్జయవంశీయులమని, చతుర్థకులజులమని చెప్పుకొనిరి. గణపతిదేవుని మోటుపల్లి శాసనము సూర్యవంశము నెక్కించినది. దంతెవాడ శిల వారిని చంద్రునివైపు త్రిప్పి, లోకకేంద్రమును హస్తినాపురమునకు జరిపినది. అంతకంటె ముఖ్యము, ఈ భాషాశాసనము చెప్పక విడిచినది. రాజు వెంట దేవి నడచివచ్చుట గాని, అందెల చప్పుడు గాని, దంతము రాలుట గాని ఇందు లేవు. దేవి సన్నిధిని, దేవియాత్రను గూర్చి, ఆ వంశపు రాజే వేయించిన శాసనము ఈ కథకు తగిన చోటు. అచ్చట అది లేకుండుట, నాటికింకను కథ ఈ రూపమున స్థిరపడలేదను శంకకు బలము నిచ్చుచున్నది. ఒరిస్సాలో సాక్షిగోపాలుని గూర్చియు అందెలు ఇసుకలో మూగవోయిన కథ చెప్పుదురు. ఇది ఊరూరు తిరుగు కథాంశము. దేవి పేరు శాసనమున ‘దంతావలా’ యని యున్నది. దంతావళమనగా మన కావ్యములలో ఏనుగు!

మూడవ పాఠము సతీదేవి దంతము ఇచ్చట పడెనని చెప్పును. ఇందు భారతభూమి యంతయు ఒక దేహమై, దంతెవాడ అందొక అవయవమైనది. కాని శక్తిపీఠముల పట్టికలే స్థిరములు కావు. దినేశచంద్ర సర్కార్ 1948లో ప్రకటించిన పరిశోధనలో వీని పెరుగుదలను చూపెను. హేవజ్రతంత్రమున నాలుగు పీఠములు, పీఠనిర్ణయమున ఏబదియొకటి, మత్స్యపురాణమున దేవీస్థానములు నూటయెనిమిది. పీఠనిర్ణయమున పైపలువరుస శుచియందును, క్రిందిపలువరుస పంచసాగరమునందును పడినవి. దంతెవాడ ప్రసక్తి లేదు. తెలుగువారికి పరిచితమైన అష్టాదశ పీఠములలోను దంతేశ్వరి లేదు. పేరునుండియే కథ పుట్టినదనుట సులభమైన సమాధానము. పాశ్చాత్యుల ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను కల్పనాక్రీడ యందు 2008 నాటి నాల్గవ కూర్పు వెనుకటి లోకచక్రమును త్రోసివేసెను. 2014 నాటి యైదవది మరల నిలిపెను. అచ్చట కూర్పరులు గ్రంథమును మార్చినచో లోకము మాఱును. ఇచ్చట త్రోసివేయువాడు లేడు. పాతది క్రొత్తదాని ప్రక్కనే నిలుచును.

నాల్గవ పాఠము వ్రాతలో లేదు, ఉత్సవమున కలదు. ఫాల్గునమున జరుగు మడయికి చుట్టుపట్ల గ్రామముల దేవతలు తమ గుర్తులతో దంతెవాడకు వత్తురు. ఇందు కేంద్రము దూరపు రాజధాని కాదు. గ్రామదేవతల నడుమ పెద్దయైన దేవి కొలువు. జగదల్‌పూరు దసరా డెబ్బదియైదు దినములు సాగును. అప్పుడు దేవి పల్లకియు ఛత్రమును దంతెవాడనుండి తరలిపోవును. అన్నమదేవుని కథలో రాజు ముందు నడువగా దేవి వెంట వచ్చినది. ఈ ఉత్సవమున మావ్లీ పర్ఘావ్ నాడు దేవి పల్లకి వచ్చుచుండగా రాజకుటుంబమువారు ఎదురేగి భుజమున మోయుదురు.